నడిమి దూలంలో ఉన్నవాడు

తడి స్పాంజిని దూలం అడుగున అదిమి, జారిపోకుండా కింద కర్ర పోటు పెట్టి, మీటరు ఒళ్లో పెట్టుకుని ఆమె బోర్లించిన డబ్బా మీద కూర్చుంది. ఇక చేసేదేమీ లేదు, కాంక్రీటు నీళ్లు పీల్చుకునేదాకా ఆగాలి, పీల్చుకున్నాక మీటరులో అంకె ఊగడం మానేదాకా ఆగాలి, మనకిచ్చే జీతం పని చేసినందుకు కాదే, ఊరికే కూర్చుని ఆగినందుకు, అని మొగుడు అనేవాడు, అదిగో, తలపుల్లోకి వచ్చేశాడు, కూర్చుందో లేదో వచ్చేశాడు, కాస్త ఊపిరి తీసుకోనివ్వడు కదా ఈ మనిషి. లేచి నిలబడితే తలకి తగిలేంత ఎత్తులో దూలం, దూలం మీద పలక, పలక మీద నీళ్లు, ఈతకొలను నిండా నీళ్లు, అంత బరువూ నెత్తిన పెట్టుకుని కూర్చున్నట్టే, రోజూ చేసే పని కాబట్టి సరిపోయింది కానీ ఆలోచిస్తే గుండె జారిపోదూ. బ్లీచింగు వాసన గొట్టాల వెంట దిగొచ్చి గొంతులో పట్టేసింది. పక్కగదిలో పంపు ఒకటే మూలుగు. బడి వదలగానే పిల్లలు వస్తారు, ఈతబట్టలు సంచుల్లో కుక్కుకుని గోలగోలగా వస్తారు, వాళ్లు వచ్చేలోగా ఆమె పైకి వెళ్లి నీళ్లలో దిగొచ్చనో దిగొద్దనో ఒక మాట చెప్పాలి.

ఇందాక తలుపు దగ్గరే ఎదురొచ్చాడు మేనేజరు, మొహం చాటంత చేసుకుని. "తగ్గిందటగా మీటరమ్మా! మీ ఆఫీసు పెద్దాయన ఫోన్ చేశారు, రీడింగు తగ్గిందన్నారు. ఇంకేం, కొలను తెరిచేశా. పిల్లలందరికీ కబురు పెట్టించా." దూలం మీద తుప్పు మరక కనిపించిన రోజు నుంచీ కొలను మూసే ఉంది, రోజూ పదిమందికి జవాబు చెప్పుకోలేక అతని ప్రాణం విసిగిపోయింది, తగ్గింది అన్న మాట చెవిన పడగానే జ్వరం తగ్గినట్టు, వాపు తగ్గినట్టు అనుకున్నాడు, పాపం, ఎవరైనా అంతే అనుకుంటారు. కాంక్రీటులో పాతిపెట్టిన సెన్సరు లోపలి ఇనుపకడ్డీల సంగతి చెబుతుంది, చెప్పేది మిల్లీవోల్టుల్లో, ఆ అంకెలన్నీ సున్నాకి కిందే ఉంటాయి, ఎంత కిందికి దిగితే ఇనుముకి అంత చేటు. ఈ పనిలో ఉన్నవాళ్లకి తగ్గిందంటే జబ్బు ముదిరిందని అర్థం. పెద్దాయన తన అర్థంలో చెప్పాడు, మేనేజరు తన అర్థంలో విన్నాడు, ఇద్దరూ మాట్లాడింది ఒకే భాష, ఖర్మ. "తగ్గిందంటే మంచిది కాదండీ" అని ఆమె విడమరిచి చెబుతుంటే అతని మొహం మాడిపోయింది. "మరిప్పుడేం చెయ్యమంటారు, అందరినీ వెనక్కి పంపెయ్యనా?" పంపెయ్యండి అనాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. "తగ్గింది మూలనున్న సెన్సరండీ, అసలు బరువంతా మోసేది నడిమి దూలం. నడిమిది చూసి చెప్తాను" అంది. ఎందుకంటే నడిమిది బాగుంటుంది, ఎప్పుడు చూసినా బాగానే ఉంటుంది, అందులో సెన్సరు పాతింది ఆమె మొగుడు.

అప్పటికి ఇక్కడ గోడలు కూడా లేవు, కడ్డీలు అల్లిన బోను తప్ప ఏమీ లేదు, ఆమె ఉద్యోగంలో కొత్తగా చేరి తీగ చుట్ట పట్టుకుని వెంట తిరగడమే పనిగా ఉండేది. అతను ఆ కడ్డీల మీద బోర్లా పడుకుని, వేలెడంత గొట్టాన్ని, అదే సెన్సరు, ప్లాస్టిక్ పట్టీలతో కడుతున్నాడు, ఇనుముకి దగ్గరగా ఉండాలి కానీ తగలకూడదు. "తగిలితే అబద్ధాలు చెబుతుంది, దూరం పెడితే అసలు పలకదు, అచ్చం నీలాగే" అన్నాడు తలెత్తకుండానే. ఎంత ధైర్యం! చేరి వారం కాలేదు. ఆమె చుట్ట అక్కడే పడేసి వెళ్లిపోవాల్సింది, వెళ్లలేదు, నవ్వొచ్చేసింది, అక్కడే చెడిపోయింది వ్యవహారం. అందరూ అతన్ని మైనస్ అని పిలిచేవాళ్లు, రీడింగు చెప్పేటప్పుడు ముందున్న గుర్తు మరిచిపోతే మీద పడి కరిచేవాడు, మైనస్ అనవేం, మైనస్ అనవేం అని, అదే పేరైపోయింది, పెళ్లయ్యాక ఇంటికి కూడా ఆ పేరే వచ్చింది, బంగారం లాంటి బిడ్డని పట్టుకుని మైనస్ ఏమిటమ్మా అని అత్తగారు మొత్తుకునేది. కాంక్రీటు గొట్టంలోంచి బుడబుడమంటూ పడుతుంటే ఆ తాకిడికి సెన్సరు పక్కకి జరగకుండా అతను అరచెయ్యి అడ్డం పెట్టాడు, మణికట్టు దాకా మునిగింది చెయ్యి, అయినా తియ్యలేదు. "చెయ్యి తియ్యి మహానుభావా, నిన్ను కూడా పాతేసేలా ఉన్నాం" అని మేస్త్రీ కేకలు. చెయ్యి లాగినప్పుడు చప్పుడైంది, బురదలోంచి కాలు లాగినట్టు, ఆ చోటు మెల్లగా పూడుకుపోయింది, ఆమె చూస్తూనే ఉంది. ఇప్పటికీ ఈ డబ్బా మీద కూర్చుని పైకి చూస్తే ఆమెకి లోపల గొట్టమూ తీగా కనిపించవు, చెయ్యి కనిపిస్తుంది, ఐదు వేళ్లూ చాచి దేన్నో కాపాడుతున్న చెయ్యి.

మీటరు ఊగుతోంది. ఊగనీ, ఇంకా తడి లోపలికి దిగలేదు. ఆ రోజు కూడా ఇలాగే స్పాంజి పెట్టుకుని కూర్చుంది, ఇక్కడ కాదు, ఒక వంతెన కింద, ఎదురుగా లారీలు పోతుంటే. అతను ఆసుపత్రిలో. జ్వరమే కదా అన్నారు, రెండు రోజులు ఉంచుకుని పంపిస్తామన్నారు, పక్కన ఆడపడుచు ఉంది, నువ్వెళ్లవే, నీ స్పాంజి ఎండిపోతుంది, అని అతనే తరిమాడు. ఫోను మోగింది. "వదినా, తగ్గింది" అంది ఆడపడుచు, గొంతు వణుకుతోంది, వెంటనే లారీ హారను. "హమ్మయ్య" అంది ఈమె. హమ్మయ్య! ఎలా వచ్చింది ఆ మాట నోటికి? "రీడింగు కుదరగానే వచ్చేస్తాను, కాస్త జావ తాగించు" అని కూడా అంది. తగ్గింది జ్వరం కాదు, నాడి. నాడి తగ్గిపోతోంది వదినా, త్వరగా రా అనబోయిందట ఆ పిల్ల, ఏడుపు అడ్డం పడి ఒక్క ముక్కే బయటికొచ్చింది. లోకంలో ఆ మాటకి ఉలిక్కిపడాల్సిన మనిషంటూ ఉంటే అది తనే కదా, పొద్దున లేచింది మొదలు తగ్గితే చేటు, తగ్గితే చేటు అని బతికే మనిషి, ఆ ఒక్కసారీ ఊళ్లో అందరిలాగే విన్నది, ఆశ అంత పని చేసింది. చల్లగా పని ముగించుకుని, చేతులు కడుక్కుని, దారిలో అతనికి ఇష్టమని బత్తాయిలు కొనుక్కుని వెళ్లింది. వరండాలోకి అడుగుపెట్టగానే ఆడపడుచు మొహం చూసింది, సంచి చేతిలోనే ఉంది. ఆ పిల్ల ఇంతవరకూ ఒక్క మాట అనలేదు, అంటే బాగుండు, తిట్టినా బాగుండు. దగ్గర ఉండి ఉంటే! పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఉంటే ఆ తేడా తెలియకపోనా, పిలిచి, కేకలేసి, డాక్టర్ల కాళ్లు పట్టుకుని ఆపకపోనా అని రాత్రీ పగలూ అదే, అన్నం ముందు కూర్చున్నా అదే.

అందుకే ఈ చోటు అడిగి మరీ వేయించుకుంది. పెద్దాయనకి అర్థమైంది, నెలనెలా నువ్వే వెళ్లమ్మా అన్నాడు. మూలల సెన్సర్లు రెండూ ముందు ముగించేస్తుంది, తర్వాత గోడకున్న చిన్న పెట్టె దగ్గరికి వస్తుంది, నడిమి దూలంలోంచి వచ్చే తీగ ఆ పెట్టెలోని ఇత్తడి బిళ్లకి చేరుతుంది, మీటరు క్లిప్పు ఆ బిళ్లకి తగిలిస్తుంది. "ఏమయ్యా, ఎలా ఉన్నావు" అంటుంది. అంకె వస్తుంది. బాగున్నాను అన్నట్టే వస్తుంది. ఆ తర్వాత కబుర్లే కబుర్లు, ఇంటి గీజరు చెడిపోయిందనీ, మీ చెల్లెలు కొత్త ఉద్యోగంలో చేరిందనీ, నీ చెప్పులు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాయి, తియ్యాలంటే మనసు రావట్లేదనీ. దూలానికి అరచెయ్యి ఆనించి మాట్లాడుతుంది, చల్లగా, కాస్త చెమ్మగా ఉంటుంది, చెయ్యిలాగే ఉంటుంది. మూలలవి రెండూ గయ్యాళివి, ఎండ ముదిరితే ఒకలా, ముసురు పడితే ఒకలా, ప్రతిసారీ ఏదో ఒక గొడవ. నడిమిది మాత్రం ఎప్పుడూ ఒకటే అంకె, ఇసుమంత అటూ ఇటూ కాదు, ఎంత నిబ్బరమో చూశారా అని పెద్దాయనకి గర్వంగా చూపించింది కూడా. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "మరీ ఇంత నిబ్బరమా?" అన్నాడు. ఆమెకి కోపం వచ్చింది. కాంక్రీటులో ఉన్నదేదైనా ఎండకీ చెమ్మకీ కాస్తో కూస్తో కదలాల్సిందేనని, కదలనిదాన్ని అనుమానించమని కొత్తవాళ్లకి పాఠం చెప్పేది తనే, ఆ పాఠాన్ని ఇక్కడ మాత్రం అటకెక్కించేసింది.

ఒళ్లో మీటరు కుదురుకుంది. చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. అంకె చాలా కిందికి ఉంది, మూలదానికంటే కిందికి, ఇంత కింద అంకె ఆమె ఈ మధ్యకాలంలో ఎక్కడా చూడలేదు. కాదు, స్పాంజి మురికిగా ఉండి ఉంటుంది. కడిగింది. స్పాంజి బిగించిన కొలత గొట్టంలో నీలం మందు పాతదై ఉంటుంది, మార్చింది. కడ్డీకి క్లిప్పు సరిగా పట్టలేదేమో, గీకి మళ్లీ పెట్టింది. చోటు మార్చింది, ఇంకోచోటికి జరిపింది, అంకె ఇంకా దిగింది, ఛీ, నోరు మూసుకో నువ్వు, అని స్పాంజిని తిట్టింది. సుత్తి తీసి దూలాన్ని తట్టింది, ఒకచోట గట్టిగా పలికింది, బెత్తెడు అవతల బోలుగా పలికింది, మళ్లీ తట్టింది, బోలుగానే. లోపల తుప్పు ఉబ్బితే పైపొర విడిపోయి ఆ చప్పుడు వస్తుంది. ఆగు, కంగారు పడకు, అతన్ని అడుగుదాం, అతను అబద్ధం చెప్పడు కదా, అనుకుంటూ మోకాళ్ల మీద పాకి పెట్టె దగ్గరికి వెళ్లి క్లిప్పు తగిలించింది. "ఏమయ్యా" అంది. ఎప్పటి అంకే వచ్చింది, నిలకడగా, నింపాదిగా, బాగున్నాను అన్నట్టే.

"లోపల ఇంకెవరున్నారమ్మా?" పంపు చూసుకునే ఆయన తల వంచి తొంగిచూశాడు. "మాటలు వినిపిస్తేనూ."

"ఎవరూ లేరు. నాతో నేనే."

"అంతేలే, ఈ పంపు పక్కన ఉంటే ఎవరికైనా అలవాటవుతుంది. నేనూ మా ఆవిడతో వాదనలన్నీ ఇక్కడే పెట్టుకుంటాను, ఇక్కడైతే నేనే గెలుస్తాను." నవ్వి, చెవి గోక్కుని, "పిల్లలొచ్చేశారమ్మా. మేనేజరు గారు అడిగి రమ్మన్నారు. వాళ్లేమో ఆగేలా లేరు, ఇద్దరు ముగ్గురు అప్పుడే దూకేశారు" అన్నాడు.

"వస్తున్నానని చెప్పండి. ఇంకెవర్నీ దిగనివ్వద్దనండి. ఒక్క నిమిషం."

పంపు ఆయన వెళ్లాడు. పైన ధబ్బుమని చప్పుడు, ఎవరో దూకారు, నీళ్ల బరువు కదిలి దూలం మీదుగా ఆమె వెన్నులోకి దిగింది, దాని వెంటే సన్నగా నవ్వులు, తడి కాళ్ల పరుగులు. రెండు అంకెలు, ఒకటి స్పాంజి చెప్పింది, ఒకటి దూలంలోంచి అతను చెప్పింది, రెంటిలో ఒకటి అబద్ధం. అతను చెప్పింది నిజమైతే దూలం బాగుంది, పిల్లలు ఈదుకోవచ్చు, వచ్చే నెలా వచ్చి పలకరించుకోవచ్చు, ఎంత హాయి. తేల్చుకోవడం ఎంత పని, ఎవరినడిగినా చెబుతారు, తీగ విప్పి చూడు, తీగ తియ్యగానే అంకె మాయమైతే అది నిజంగా దూలంలోంచి వస్తున్నట్టు. ఎన్ని చోట్ల ఎన్నిసార్లు చేసిందో, చేతికి అలవాటైన పని, ఈ ఒక్క తీగని మాత్రం ఎన్నడూ విప్పలేదు. విప్పితే ఏమవుతుందని? ఏమీ కాదు, మళ్లీ బిగించొచ్చు, అని తనకి తనే నచ్చజెప్పుకుంటోంది, చెయ్యి మాత్రం రావడం లేదు. క్షమించవయ్యా, ఒక్క క్షణం, మళ్లీ పెట్టేస్తాను. మళ్లీ ధబ్బుమంది పైన. ఆమె మరమేకు తిప్పింది. పెట్టె లోపలంతా చెమ్మ, ఇత్తడి బిళ్లల చుట్టూ పచ్చగా చిలుము, చిలుము మధ్యలోంచి తీగ, లాగీ లాగకముందే చేతిలోకి ఊడొచ్చేసింది, చివర రాగి లేదు, పచ్చటి పొడి మాత్రం వేళ్లకి అంటింది.

మీటరు కేసి చూసింది. అంకె అలాగే ఉంది. ఆ అంకే, నెలనెలా చూసిన అంకే, ఏమీ మారలేదు. తీగ ఇక్కడ తన చేతిలో ఉంది, దూలం అక్కడ ఉంది, మధ్య ఏమీ లేదు, అంకె మాత్రం బాగున్నాను, బాగున్నాను అంటూనే ఉంది. ఎవరు, ఎవరు మాట్లాడేది, అని ఆమె నిజంగానే వెనక్కి తిరిగి చూసింది, గొట్టాలూ చీకటీ. భయం దిగాక బుర్ర పనిచేసింది, పనిచెయ్యకపోతే బాగుండును. ఇత్తడీ రాగీ తడీ కలిస్తే ఏమవుతుందో బడిపిల్లలకి కూడా తెలుసు, ఈ పెట్టే ఒక చిన్న బ్యాటరీ అయిపోయింది, తీగ లోపల్లోపలే తినేసుకుని తెగిపోయాక పెట్టె తన సంగతి తనే చెప్పుకుంటూ కూర్చుంది. గీజరు కబుర్లూ చెల్లెలి ఉద్యోగం కబుర్లూ ఈ పెట్టెకి చెప్పింది. చెప్పుల సంగతి దీనికి చెప్పింది. దూలంలో ఉన్నవాడు ఎన్నడో మాట్లాడడం మానేశాడు, ఆ పక్కనే ఇనుము ఎన్ని నెలలుగా తుప్పు పడుతోందో, చెప్పే దిక్కు లేక. సిగ్గూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి, ఏడవడానికి టైము లేదు, తీగ వదిలేసి, తల దూలానికి కొట్టుకుని, అబ్బా అని పట్టుకుని, మెట్లకేసి పరిగెత్తింది.

పైన వెలుగు కళ్లలో గుచ్చుకుంది. కొలనులో నలుగురో ఐదుగురో ఉన్నారు, మిగతావాళ్లు గట్టు మీద వరసగా వంగి, చేతులు చాచి, దూకమంటే దూకడానికి ఎగిరెగిరి పడుతున్నారు. "పిల్లల్ని బయటికి తియ్యండి!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఈత నేర్పే ఆవిడ ఒక్క క్షణం చూసి, ఏమీ అడక్కుండా ఈల నోట పెట్టుకుంది. మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏమైంది మీటరమ్మా? తగ్గింది మూలది కదా?"

"నడిమి దూలం లోపల ఇనుము తుప్పు పట్టిపోయిందండీ. పైపొర విడిపోయింది. ఇవాళే కూలుతుందని చెప్పను, కూలదనీ చెప్పలేను. నీళ్లన్నీ తోడించెయ్యండి, కింద పోట్లు పెట్టించండి, ముందు పిల్లల్ని తియ్యండి."

"అదేంటండీ, నడిమి సెన్సరు భేషుగ్గా ఉందని నెలనెలా చెప్పింది మీరే కదా!"

"అది పోయిందండీ."

"పోయిందా? ఎప్పుడు?"

"తెలీదు."

"తెలీకపోవడమేంటి?" అతని గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "వచ్చినప్పుడల్లా గంటలు గంటలు దాని పక్కనే కూర్చుంటారు కదమ్మా మీరు?"

"కూర్చున్నానండీ" అంది ఆమె. "పక్కనే కూర్చున్నాను. చెయ్యి వేసుకుని కూర్చున్నాను. కబుర్లు చెబుతూనే ఉన్నాను. ఎప్పుడు పోయిందో నాకు తెలియనే లేదు."

అన్నాక, ఏమన్నానా అని ఆగింది, పక్కన ఉన్నా, చెయ్యి పట్టుకుని ఉన్నా తెలియదన్నమాట. మేనేజరు ఇంకేదో అడుగుతున్నాడు, పెదాలు కదలడం కనిపిస్తోంది. ఇన్నాళ్లూ రొమ్ము మీద కూర్చున్నదేదో పక్కకి జరిగినట్టయింది, ఊపిరి లోపలి దాకా వెళ్లి తిరిగి వచ్చింది, వచ్చేటప్పుడు ఏడుపుతో వచ్చింది. అంతమంది చూస్తుండగా ఆమె తడి గట్టు మీద చతికిలబడి, ఆసుపత్రి వరండాలో రాని ఏడుపంతా వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే కొలను మీంచి చూపు తిప్పలేదు, ఈల మోగుతూనే ఉంది, పిల్లలు విసుక్కుంటూ ఒక్కొక్కరే నిచ్చెన పట్టుకుని ఎక్కి వస్తున్నారు, నీలం టోపీ పిల్ల ఒకతి ఇంకొక్క మునక అని మొండికేసింది. ఆ పిల్ల కూడా గట్టెక్కి, తువ్వాలు కప్పుకుని, గోడవైపు నడిచి వెళ్లేదాకా ఆమె అలాగే చూస్తూ కూర్చుంది.